మునగాల్సిన గుమ్మడికాయ

జన్మలో ఒక్క తప్పు కూడా చేయని మనిషి తమ ఇంట్లోనే ఉన్నాడని అమ్మ అందరితోనూ చెబుతూ ఉంటుంది. ఆయనే నాన్న. టైలర్. చొక్కా బిగుతైతే, కొలతలిచ్చాక కస్టమర్ లావెక్కాడంటాడు. వదులైతే, చిక్కిపోయాడంటాడు. ఒకసారి కూరలో ఉప్పు ఎక్కువేసి, ఈమధ్య వచ్చే ఉప్పే మరీ ఉప్పగా ఉంటోందన్నాడు.

"ఇలాంటివాళ్ళు ఒక్కరైతే సర్దుకుపోదును. కూతురు కూడా అదే తానులో ముక్క," అంటుంది అమ్మ.

ఆ కూతురు ఆరో క్లాసు చదువుతోంది. క్లాసులో అందరూ లాయరమ్మ అంటారు. ప్రస్తుతం ఆ లాయరమ్మ సైన్స్ గదిలో కూర్చుని, బెంచి మీద తన పక్కనుండే పిచ్చుకతో వాదిస్తోంది.

పిచ్చుక అంటే పిట్ట కాదు, అమ్మాయే. గొంతు మరీ చిన్నదని ఆ పేరు పెట్టారు.

సైన్స్ టీచర్ ఒక్కో జంటకు రెండేసి వస్తువులు ఇచ్చింది. ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో ముందుగా కాగితం మీద పెన్నుతో రాయాలి. తర్వాత నీళ్ళ టబ్బులో వేసి చూడాలి. సరిగ్గా రాసి, కారణం కూడా చెప్పినవాళ్ళు రేపు మూడో క్లాసుకు వెళ్ళి ఈ పాఠం చెబుతారు.

"మూడో క్లాసుకి ఎవరు వెళతారు?" అని టీచర్ అడగ్గానే పిచ్చుక చెయ్యి లేచింది. ఆ చెయ్యి లేవడం ఏడాది మొత్తంలో అదే మొదటిసారి. టీచర్ కళ్ళజోడు సర్దుకుని మరీ చూసింది.

వాళ్ళకు ఒక గుమ్మడికాయ, ఒక ద్రాక్షపండు వచ్చాయి.

"గుమ్మడికాయ తేలుతుందే," అంది పిచ్చుక. "ద్రాక్ష మునుగుతుంది. మా కూరగాయల కొట్లో రోజూ పొద్దున్నే నేనేగా కడిగేది."

"ఎత్తి చూడు దాన్ని. చెయ్యి ఊడొచ్చేలా ఉంది. అది తేలుతుందా?"

"తేలుతుంది. లోపల బోలుగా ఉంటుంది కదా."

"మరి ద్రాక్ష? ఉఫ్ అని ఊదితే దొర్లిపోతుంది. అది మునుగుతుందా? నీకు రాత్రి నిద్ర సరిపోలేదు."

"నేను రోజూ చూస్తా..."

"పెన్ను ఇటివ్వు."

రాసేసింది. గుమ్మడికాయ మునుగుతుంది. ద్రాక్ష తేలుతుంది. కింద గీత కూడా కొట్టింది.

వాళ్ళ వంతు వచ్చింది. టీచర్ గుమ్మడికాయను నీళ్ళలోకి వదిలింది. అది ఓసారి కిందికి దిగి, పైకి లేచి, పనేమీ లేనట్టు ఊగుతూ కూర్చుంది. ద్రాక్ష మాత్రం రాయిలా అడుక్కి పోయింది.

క్లాసంతా గొల్లుమంది.

"గుమ్మడికాయ లోపల కుళ్ళిపోయింది టీచర్," అంది లాయరమ్మ.

టీచర్ కత్తి తెప్పించి కోసింది. లోపల నిగనిగలాడుతోంది. మధ్యలో గింజలు, గింజల చుట్టూ ఖాళీ.

"అయితే నీళ్ళలో ఏదో తేడా ఉంది టీచర్."

టీచర్ నుదురు కొట్టుకుంది. "అవును తల్లీ, నీళ్ళకి బుద్ధి లేదు." కాగితం పైకెత్తింది. "ఇది ఎవరి ఆలోచన?"

లాయరమ్మ చెవులు వేడెక్కాయి.

"ఇద్దరం కలిసే రాశాం టీచర్."

పిచ్చుక పుస్తకాలు తీసుకుని వెనక బెంచికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో బకెట్ నిండా నీళ్ళు. బుడుంగుమని పెద్ద బంగాళదుంప మునిగింది.

"చూశావా అమ్మా? బరువుగా ఉన్నదే మునుగుతుంది."

"చూశాను. అది రాత్రి కూరకి పెట్టుకున్న దుంప."

"ఇప్పుడు దీన్ని కోస్తే తేలికవుతుంది. అప్పుడు తేలాలి."

సగం కోసింది. మునిగింది. పావు ముక్క మునిగింది. గోరంత ముక్క కూడా మునిగింది. ఈ దుంప మంచిది కాదని ఇంకోటి కోసింది. అదీ అంతే. చివరికి పళ్ళబుట్టలోంచి ఆపిల్ తెచ్చి వేసింది. గోరంత దుంపముక్క అడుగున ఉంటే, అంత పెద్ద ఆపిల్ పైన తేలింది.

"దుంపలన్నింటికీ స్నానాలయ్యాయా? ఇంకేమైనా మిగిలితే పొయ్యి మీదికి పంపు," అంది అమ్మ విసిగిపోయి.

మెడలో టేపుతో నాన్న వచ్చి బకెట్లోకి తొంగిచూశాడు. "బకెట్ పొట్టిదమ్మా. నీళ్ళు ఇంకాస్త లోతుంటే ఆ ముక్క తేలును."

లాయరమ్మ నాన్న ముఖంలోకి చూసింది. నవ్వడం లేదు. నిజంగానే అంటున్నాడు.

పొద్దున తను కూడా ఇలాగే మాట్లాడిందా? క్లాసు అందుకేనా అంతలా నవ్వింది?

అమ్మ చేతులు తుడుచుకుని పక్కన కూర్చుంది. "ఎంత బరువని కాదే అడగాల్సింది. అంతే సైజు నీళ్ళకంటే బరువా, తేలికా అని. గుమ్మడికాయంత చోట్లో నీళ్ళు నింపావనుకో, ఆ నీళ్ళే ఎక్కువ బరువుంటాయి. అందుకే కాయ తేలింది. దుంపని ఎంత చిన్నగా కోసినా, అంతే సైజు నీళ్ళకంటే ఆ ముక్కే బరువు. ఒకే సైజులో ఏది ఎంత బరువుంటుందో, దాన్నే సాంద్రత అంటారు. నువ్వు సందిస్తే మీ టీచర్ కూడా ఇదే చెప్పేది."

"లోపల బోలుగా ఉంటుందని పిచ్చుక చెప్పింది," అంది లాయరమ్మ మెల్లిగా.

"మరి కాగితం మీదికి అదెందుకు రాలేదు?"

లాయరమ్మ దుంపముక్కలు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసింది.

మర్నాడు టీచర్ మూడో క్లాసుకి వెళ్ళే వేరే జంట పేర్లు చదవబోతుంటే లాయరమ్మ లేచి నిలబడింది.

"టీచర్, గుమ్మడికాయ ఎందుకు తేలిందో పిచ్చుకని అడగండి."

పిచ్చుక లేచి చెప్పింది. కడిగే తొట్టిలో ఏవేవి తేలతాయో, ఏవేవి మునుగుతాయో, వేటి లోపల ఖాళీ ఉంటుందో అన్నీ చెప్పింది. గొంతు చిన్నదే. అయినా క్లాసంతా చెవులప్పగించి వింది.

"ఇంత తెలిసినదానివి అలా ఎలా రాశావమ్మా?" టీచర్‌కు అంతుపట్టలేదు.

పిచ్చుక తలొంచుకుంది. లాయరమ్మ నాలుక మీదికి రెండు మూడు సాకులు వచ్చాయి. వాటిని మింగేసింది.

"తను రాయలేదు టీచర్. వద్దంటున్నా పెన్ను లాక్కుని నేను రాశాను. కలిసి రాశామని అబద్ధం చెప్పాను."

టీచర్ పేర్లున్న కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టేసింది. "పిచ్చుకా, మూడో క్లాసుకి పద. సాయానికి ఎవరు కావాలో నువ్వే చెప్పు."

పిచ్చుక వెనక్కి తిరిగి లాయరమ్మను చూసింది. "నువ్వు రా. టబ్బు మొయ్యాలి. మధ్యలో మాట్లాడకూడదు."

లాయరమ్మ నోరెత్తకుండా టబ్బు ఎత్తుకుంది. వరండాలో అడుగు వేసినప్పుడల్లా నీళ్ళు ఒలికి బట్టలు తడుస్తున్నాయి. మూడో క్లాసు గుమ్మం దగ్గర ఆగింది.

"నిన్న నువ్వు చెప్పిందే కరెక్టు," అంది గొణుగుతూ. "నేనే తప్పు."

"వినిపించలేదు," అంది పిచ్చుక.

లాయరమ్మ టబ్బు కింద పెట్టింది. ఈసారి మూడో క్లాసులో చివరి బెంచి దాకా వినిపించేలా చెప్పింది.

"నేనే తప్పు."