రెండుంబావుకి మేలుకునే గది

ఆ గది పేరెత్తితే చాలు, ఎంత చదువుకున్నవాళ్ళైనా గొంతు తగ్గిస్తారు.

మా కోడలు పనిచేసే యూనివర్సిటీలో పాత భవనం, మూడో అంతస్తు, వరండా చివర ఉందది. గోధుమరంగు తలుపు. గడియ దగ్గర చేతులు పడి పడి నల్లబడ్డ మచ్చ. లోపల ఒక బల్ల, ఒక కంప్యూటరు, దానికి కట్టేసిన ప్రింటరు, ఒక తిరిగే కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే పెద్దాయన, ఆ శాఖకి అధిపతి, పోయి పదకొండు నెలలైంది. కుర్చీ వీపు మీద ఆయన స్వెట్టరు మాత్రం అలాగే వేలాడుతోంది... తీస్తే ఏమవుతుందో అని ఎవరూ తీయలేదు.

రాత్రి రెండుంబావు అయ్యేసరికి తలుపు కింద నీలం వెలుగు. ప్రింటరు ఒక్కసారి కీచుమని మూలుగుతుంది. ఆ తర్వాత... ఏమీ ఉండదు. వాచ్‌మన్ కళ్ళారా చూశాడు. ఒక రాత్రి కాదు — పెద్దాయన పోయిన వారం నుంచీ.

"ఆయనకి పని మీద ధ్యాస పోలేదు" అని ఆ శాఖలో గుసగుసలు. ఈ మాటనేది ఎవరనుకున్నారు? ఒక్కొక్కరి పేరు వెనక ఇన్నిన్ని డిగ్రీలున్నవాళ్ళు. చీకటి పడితే ఆ వరండాలో లైటు వేసుకుని కూడా నడవరు.

ఇది మా కోడలు చెప్పగా విన్న సంగతి. సగం మాత్రం నా చెవులతో నేనే విన్నాను. అదెలాగో చెబుతాను.

మా కోడలిది కింది అంతస్తులో కంప్యూటర్ల భద్రత చూసే విభాగం. ప్రొఫెసర్లు పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్తది ఇస్తారు, వైరస్ పడితే వదిలిస్తారు, దొంగ మెయిళ్ళు తెరవొద్దని వారానికోసారి నోటీసు పెడతారు. ఆ నోటీసు చదివిన ప్రొఫెసరుని ఇంతవరకు చూడలేదంటుంది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దంటే చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టుకుంటారట. తాళం వేసి తాళంచెవి దానికే వేలాడదీసినట్టు!

నేను అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. నా పేరు నేను రాసుకున్న రోజున ఆ కాగితాన్ని మడిచి దాచుకున్నాను. పేరంటే అంత పదిలం నాకు. వీళ్ళేమో...

సరే, కథకి వస్తాను.

పోయినవాళ్ళ ఖాతా మూసెయ్యాలని రూలు. పెద్దాయన ఖాతా మూస్తామని మా కోడలు నాలుగుసార్లు కాగితం పంపింది. నాలుగుసార్లూ "ఇప్పుడే వద్దు" అని తిరిగొచ్చింది. తిప్పి పంపింది ఇప్పుడు ఆ శాఖని చూస్తున్న ఆయన. ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకుంటాడు, అందుకని మా కోడలు ఆయన్ని "సవరింపుగారు" అంటుంది.

"అహ్హెం... ఆయన ఆత్మ నొచ్చుకుంటుందమ్మా... అహ్హెం" అన్నాడట.

"మరి ఆయన ఫోను సార్? లాగిన్ అయితే అనుమతి అడిగేది దానికే కదా."

"అహ్హెం... అది ఎప్పుడో స్వాధీనం చేసుకున్నాం." ఫైల్లో అలాగే సంతకం కూడా పెట్టాడు.

విద్యార్థుల మార్కులు దిద్దాలంటే ఆ గదిలో కంప్యూటర్లోనే కుదురుతుంది. మిగతావాళ్ళు తమ ఖాతాతో దిద్దితే కాగితం మీద సంతకం పెట్టాలి, పెద్దాయన ఖాతాకి అది అక్కర్లేదు. అది భద్రత కోసం వాళ్ళే పెట్టుకున్న ఏర్పాటు. అలాంటిది ఒకరోజు చూసుకుంటే, నలభైమంది మార్కులు మారిపోయి ఉన్నాయి. రాత్రుళ్ళు. పెద్దాయన పేరు మీద. పైగా ప్రతిసారీ ఆయన ఫోన్లోంచి అనుమతి వచ్చింది!

నింద ఎవరి మీద పడాలి? దెయ్యాన్ని ఉద్యోగంలోంచి తీయలేరు కదా. మా కోడలు దొరికింది.

"చచ్చిపోయినవాడి ఫోన్ చేత ఔననిపించే విద్య మీ విభాగానికి తప్ప ఇంకెవరికి వస్తుంది?" అంది ఒకావిడ. ఎవరేం చెప్పబోయినా "నాకు తెలుసు" అని అడ్డుపడే మనిషి. అందరూ తలలూపారు. సోమవారం లోగా ఆ అనుమతి ఎవరిస్తున్నారో చూపించాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది, పైన దొంగ అన్న పేరు.

శుక్రవారం రాత్రి మా కోడలు వాచ్‌మన్ దగ్గర తాళంచెవి తీసుకుని ఆ గదికి వెళ్ళింది. నాకు ఫోన్ కలిపి జేబులో పెట్టుకుంది.

"అత్తయ్యా, పెట్టెయ్యకండి."

"నేనెందుకు పెడతానమ్మాయ్? దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. నువ్వు మాట్లాడు."

ఒంటిగంట. ఒకటిన్నర. దాని చెప్పుల చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు.

"ఆ కుర్చీలోనే కూర్చున్నావా?"

"ఇంకో కుర్చీ లేదత్తయ్యా... స్వెట్టరు వీపుకి తగులుతోంది."

రెండు దాటింది. ఉన్నట్టుండి ప్రింటరు కీచుమంది. నాకే ఒళ్ళు జల్లుమంది, పక్కనున్నదానికి ఎలా ఉండాలి!

"అత్తయ్యా..." గుసగుసగా అంది. "తెర వెలిగింది. నేనేమీ ముట్టుకోలేదు... బాణం దానంతటదే కదులుతోంది."

"లేచి వచ్చెయ్ అమ్మాయ్."

"ఉండండి... పాస్‌వర్డ్ పడుతోంది... చుక్కలు చుక్కలుగా... అనుమతి అడుగుతోంది..."

నేను ఫోను చెవికి అదుముకున్నాను.

"...వచ్చేసింది. అనుమతి వచ్చేసింది అత్తయ్యా. ఎవరో ‘అవును’ అన్నారు."

అప్పుడు దానికి భయం పోయి కోపమొచ్చింది. ఎవరది, నా పొట్ట కొడుతున్నది ఎవరు అని, బల్ల మీదున్న ఆఫీసు ఫోను లాగి పెద్దాయన నంబరు నొక్కింది. స్వాధీనం చేసుకుని ఏ బీరువాలోనో పడేసి ఉంటారు, మోగదులే అనుకుంది.

మోగింది. ఒక్కసారే. వెంటనే ఎవరో ఎత్తారు.

మా కోడలు ఫోను పక్కకి పట్టుకున్నట్టుంది, నాకూ వినిపించింది. ఒక సన్నటి గొంతు... గాలిలా...

"ఏమండీ...?"

నేను లేచి దీపం వేశాను.

"ఎ... ఎవరండీ?" అంది మా కోడలు.

"మీరెవరు? ఆయన గదిలోంచి చేస్తున్నారే... నంబరు పడింది." ఆ గొంతులో అప్పటిదాకా ఉన్నదేదో ఆరిపోయింది.

ఆవిడ పెద్దాయన భార్య.

ఫోను ఆవిడ దగ్గరే ఉంది. ఎవరూ వచ్చి అడగలేదు, ఎవరూ స్వాధీనం చేసుకోలేదు. రోజూ చార్జింగు పెట్టి తలగడ పక్కన పెట్టుకుంటుంది. రాత్రి రెండుంబావుకి అది వెలిగి ‘లోపలికి వస్తున్నది మీరేనా?’ అని అడుగుతుంది. కింద రెండు బొత్తాలు — ‘అవును, నేనే’, ‘కాదు’.

"ఆయన బతికుండగా ఆ వేళకే పని చేసుకునేవారమ్మా. అడిగితే కాదని ఎలా అనను? అవునని నొక్కి పడుకుంటాను."

"పగలు కూడా అడుగుతుందా అమ్మా?" మా కోడలి గొంతు మారింది.

"ఓ... రోజుకి పది పన్నెండుసార్లు. పాపం, పోయాక కూడా ఎంత చాకిరీయో అనుకుంటాను."

ఈలోగా తెర మీద బాణం మార్కుల జాబితా తెరుస్తోంది. మా కోడలు కంప్యూటరు తీగ పీకేసింది. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ కలిపింది. అవతలివాడు మళ్ళీ ప్రయత్నిస్తాడని దానికి తెలుసు.

"అమ్మా, ఇప్పుడు మళ్ళీ అడుగుతుంది. ఈసారి ‘కాదు’ అని నొక్కాలి."

ఆవిడ కళ్ళజోడు వెతుక్కుంటున్న చప్పుడు.

"కాదని నొక్కితే... ఇక ఆయన రారు కదమ్మా?"

"ఇప్పుడు వస్తున్నది ఆయన కాదమ్మా. ఆయన పేరు పెట్టుకుని ఎవరో దొంగ వస్తున్నాడు. ఆ నింద నా మీద పడింది."

అవతల ఫోన్ టింగుమంది. మళ్ళీ టింగుమంది. మూడోసారి... వాడికి తొందర. నేను దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

"నొక్కానమ్మా" అంది ఆవిడ. "కాదనే నొక్కాను."

"తెర ఆగిపోయింది అత్తయ్యా" అని మా కోడలు ఏడ్చేసింది.

తెల్లవారి తాళంచెవి తిరిగి ఇస్తుంటే వాచ్‌మన్ పుస్తకం చాచాడు. ఆ గది తాళంచెవి ఎవరు తీసుకున్నా తారీఖు, వేళ వేసి సంతకం పెట్టాలి. ఆ యూనివర్సిటీ మొత్తంలో సరిగ్గా నడిచిన భద్రత ఆ పుస్తకం ఒక్కటే. మా కోడలు పేజీలు వెనక్కి తిప్పింది. పగలు పెద్దాయన పేరు మీద ఎప్పుడెప్పుడు లాగిన్ అయిందో, సరిగ్గా అప్పుడు ఎవరో ఒకరి సంతకం ఉంది.

సోమవారం అందరూ బల్ల చుట్టూ చేరారు.

"అహ్హెం... దెయ్యం... కనిపించిందా అమ్మా?" అన్నాడు సవరింపుగారు.

"కనిపించాయి సార్. ఎనిమిది. అన్నీ పగలే తిరుగుతున్నాయి" అని పుస్తకం తెరిచి పెట్టింది.

చూశారా! పెద్దాయన కీబోర్డు కింద పాస్‌వర్డ్ చీటీ ఉందని ఎనిమిది మందికీ తెలుసు. ఎవరికి వాళ్ళే, తనకొక్కడికే తెలుసనుకున్నారు. తమ ఖాతాతో చేస్తే సంతకం పెట్టాలి, బాధ్యత తమది అవుతుంది. పెద్దాయన ఖాతాతో అయితే తప్పు చచ్చినవాడి నెత్తిన పోతుంది. నలభై రోజుల కిందట ఆయన మెయిల్‌కి ‘మీ ఖాతా రేపటికి మూతపడుతుంది, పాస్‌వర్డ్ పంపండి’ అని దొంగ ఉత్తరం వస్తే, ఉన్న దారి మూసుకుపోతుందని హడలి ముగ్గురు విడివిడిగా పంపారు. ఆ పాస్‌వర్డ్‌తోనే దొంగ, పెద్దాయన పని చేసుకునే వేళ చూసుకుని, ఎక్కడినుంచో ఆ కంప్యూటర్ని నడిపాడు. "నాకు తెలుసు" అనే ఆవిడ కింద ధన్యవాదాలు కూడా రాసింది.

"మరి పోయినాయన ఫోన్లోంచి అనుమతి వస్తుంటే మీకేమీ అనిపించలేదా మేడం?" అని అడిగింది మా కోడలు.

ఆవిడ తల వంచుకుని, "ఆశీర్వాదం అనుకున్నాను" అందట.

దెయ్యమంటే భయం. దెయ్యం చేత చాకిరీ చేయించుకోవడానికి మాత్రం భయం లేదు!

మా కోడలి ఉద్యోగం నిలిచింది. ఖాతా మూశారు. మర్నాడు ఇద్దరం పెద్దాయన భార్యని చూడ్డానికి వెళ్ళాం. స్వెట్టరు తీసుకెళ్ళి ఇచ్చాం. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది.

"దొంగ వస్తున్నది నలభై రోజుల నుంచేనమ్మా" అని సర్దిచెప్పబోయింది మా కోడలు. "అంతకు ముందు రాత్రుళ్ళు ఎవరూ రాలేదు. రికార్డంతా చూశాను."

ఆవిడ నెమ్మదిగా తలెత్తింది.

"లేదమ్మా. ఆయన పోయిన అయిదో రాత్రి నుంచీ ఉంది. కాకపోతే... ఈ నలభై రోజుల్లో వచ్చినవాడికి తొందరెక్కువ, టింగుటింగుమని ఊరుకోడు. అంతకు ముందు అలా కాదు. ఒక్కసారి అడిగి ఊరుకునేది. నేను కళ్ళజోడు వెతుక్కుని నొక్కేదాకా... ఎంతసేపైనా ఆగేది."

మా కోడలు నా చెయ్యి పట్టుకుంది.

ఆ మాట రిపోర్టులో రాయలేదు. రాస్తే ఆ ఎనిమిది మందీ ఆయనకే భయపడతారు... కీబోర్డు కింద చీటీలు మాత్రం అలాగే ఉంచుతారు.