వంత గొంతు

బూర్గంపాడు చివర గోదారి రెండుసార్లు ముంచిన పిచ్చయ్య ఇంట్లో ఎవరూ మూడు నెలలకు మించి కిరాయికి ఉండరు. లోపల ఒక్కరే ఉన్నా... ఇంకొకరు ఉన్నట్టే ఉంటుందట. నేను దెయ్యాల్ని నమ్మను. ఒక్క తాళానికి రెండు చెవులు చేయించుకునే ఇంటి ఓనర్లను అసలే నమ్మను.

ఆ ఇంట్లో దిగింది శ్యామల. భద్రాచలం దవాఖానాలో నర్సు. ఆమె చెప్పిందే చెబుతున్నా.

నెలల పిల్లప్పుడే ఆమె తల్లి గంగక్క పోయింది. ఫోటో లేదు, గొంతు గుర్తు లేదు. ఒకరోజు, గంగక్క బృందం ఎప్పుడో పాడిన విత్తనాల పండగ పాట మంగళవారం సాయంత్రం ఏడున్నరకు వేస్తామని రేడియోలో చెప్పారు. ఆ టైముకి శ్యామలకు డ్యూటీ.

"పాట కోసం సెలవా?" అని పెద్ద సిస్టర్ నవ్విందట. నేనైతే ఆ నవ్వుకు అక్కడే జవాబు చెప్పేదాన్ని.

శ్యామల రేడియో పెట్టి, దాని ముందు మైకు నిలబెట్టి, ఏడున్నరకు రికార్డింగ్ మొదలయ్యేలా కంప్యూటర్‌లో టైము పెట్టింది. తాళం వేసి డ్యూటీకి పోయింది.

రాత్రి పదింటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వినడానికి కూర్చుంది.

ఒక ఆడగొంతు చరణం ఎత్తుకుంది... అమ్మ. శ్యామల కళ్ళు తుడుచుకుంది. చరణం అయిపోయింది. రేడియో నిశ్శబ్దం.

అప్పుడు — ఇంకో గొంతు. సన్నగా వంత అందుకుంది. రేడియోలోంచి కాదు... మైకు పక్కనుంచి. ఊపిరి కూడా వినపడేంత దగ్గరగా.

ప్రతి చరణానికీ అంతే.

వేసిన తాళం వేసినట్టే ఉండె కదా? పొద్దున్నే పిచ్చయ్యను నిలదీసింది.

"నేను లేనప్పుడు లోపలికి ఎవరొచ్చిన్రు?"

"ఎవ్వరూ రాలేదమ్మా. ఇగో, రెండో చెవి గూడ నువ్వే ఉంచుకో." గొంతు తగ్గించాడు. "ఆ ఇంటి సంగతి నీకెరుకే గద... గసొంటి గొంతును దగ్గర పెట్టుకోకు."

నింద దెయ్యం మీదికి నెట్టడం మగాడికి ఒకరు నేర్పాలా? కానీ శ్యామలకు భయం పట్టుకుంది. అమ్మ పాటకు ఆ ఇంటి పీడ అంటొద్దని, వంత వినిపించిన చోటల్లా కత్తిరించేసింది. అసలు రికార్డింగును పూర్తిగా తుడిచేసింది. మిగిలిన ఒక్క గొంతును ఫోన్‌లో వేసుకుని, తల్లితో కలిసి పాడిన ముత్తక్క దగ్గరికి పోయింది.

ముసలామె ఫోన్ చెవికి ఆనించుకుని విని, బోసినోటితో నవ్వింది.

"గిది నా గొంతే బిడ్డా. అప్పుడు మంచిగనే పాడిన."

"మా అమ్మది కాదా పెద్దమ్మా?"

"మీ అమ్మ ఎన్నడన్న ముందు పాడిందా ఏంది? నేను ఎత్తుకుంటె, తను వంత అందుకునేది. రేడియోవాళ్లు పిలిచేనాటికి పాయె. ఆమె పేరే చెప్పి నేనొక్కదాన్నే పాడిన. ప్రతి చరణంకాడ, ఆమె అందుకునే జాగ... ఉత్తగ వదిలిన. ఇంకెవ్వల్ని పాడనియ్యలే."



ముత్తక్క ఫోన్ మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. ఈసారి నవ్వలేదు.

"ఆ జాగలేవి బిడ్డా... ఎవరు తీసేసిన్రు?"