పదహారు శాతం చెయ్యి

ఉదయం 9:20. కటింగ్ హాల్లో పన్నెండో నంబర్ లాకర్ తలుపు తెరిచి ఉంది. లోపల టేపు ఉంది. కళ్లద్దాల పెట్టె ఉంది. పాత రిస్ట్ వాచీ కూడా ఉంది.

కత్తెర మాత్రం లేదు.

ఎంక్వైరీ ఆఫీసర్‌కు ఒళ్లు మండింది. లేబర్ ఆఫీసులో అందరూ ఆమెకు చాటుగా పెట్టిన పేరు చిటపట. టేబుల్ మీద నలభై ఫైళ్లు మూలుగుతుంటే కత్తెర దొంగను పట్టడానికి రావాలా?

"వాచీ వదిలేసి కత్తెర పట్టుకెళ్లే దొంగ ఎవరమ్మా?" అని అడిగింది.

పక్కన నిలబడ్డది కటింగ్ మాస్టర్ భార్య. ఆ లాకర్ ఆయనదే. ఇదే ఫ్యాక్టరీలో గుండీలు కుడుతుంది. సంగతంతా ఆమే చెప్పింది. మూడు నెలల కిందట భర్త ఎడమ చెయ్యి ప్రెస్ మెషిన్ కింద నలిగింది. ఆ రోజు మెషిన్‌కు సేఫ్టీ గార్డ్ లేదు. బొటనవేలూ, మరో రెండు వేళ్లూ ఇక వంగవు. డాక్టర్ పదహారు శాతం వైకల్యం అని రాశాడు. దెబ్బ తగిలింది వాటంగా పనిచేసే చేతికే అయితే, వైకల్యాల పట్టిక ప్రకారం ఇంకో ఐదు కలుస్తుంది. ఇరవై దాటితే బతికినంత కాలం పెన్షన్. దాటకపోతే ఒక్కసారి ఎంతో కొంత చేతిలో పెట్టి ఫైలు మూసేస్తారు.

ఫైల్లో మాస్టర్‌ది కుడిచేతి వాటం అని ఉంది.

"ఆయనది పుర్రచేతి వాటం మేడమ్. ఆ కత్తెర పుర్రచేతి వాళ్ల కోసం చేసిందే. పదకొండున్నరకు మెడికల్ బోర్డు ముందు పెడదామనుకున్నాం. నిన్న సాయంత్రం హాల్లో అందరి ముందూ ఆ మాట అన్నాను. నా నోరే నా కొంప ముంచింది."

ఆఫీసర్ చూపు ఫైలు మీదికి మళ్లింది. ఆ ఫైలు తన చేతుల మీదుగా వెళ్లిందే.

మాస్టర్ కాక లాకర్ తాళాలు మరో ఇద్దరి దగ్గరున్నాయి. ఒకరు సూపర్‌వైజర్. రెండోవాడు అసిస్టెంట్ కట్టర్. మాస్టర్ టేబుల్ ఇప్పుడు అతనికే ఇచ్చారు. హాల్లో అందరి అనుమానమూ అతని మీదే ఉంది.

"ఎన్నింటికొచ్చావు?" అని ఆఫీసర్ అతన్ని అడిగింది.

"ఏడూ నలభైకి."

"నీకంటే ముందు ఎవరున్నారు?"

"సూపర్‌వైజర్ గారు."

"మాస్టర్ దగ్గర ఎన్నేళ్లుగా ఉన్నావు?"

"ఎనిమిదేళ్లు."

"ఆ కత్తెర ఎప్పుడైనా పట్టావా?"

"చేరిన కొత్తలో ఒక్కసారి. మళ్లీ దాని జోలికి పోలేదు."

ఆమె కటింగ్ టేబుల్ కింది తుక్కుబుట్టను నేల మీద బోర్లించింది. స్వీపర్ దాన్ని ఖాళీ చేసింది ఏడున్నరకు. కటింగ్ మొదలైంది ఎనిమిదింటికి. ముక్కలన్నీ నున్నగా తెగి ఉన్నాయి. అట్టడుగున ఉన్న నీలం పేలిక ఒక్కటే నలిగి, అంచు పీచులు పీచులుగా ఉంది.

ఆమె దాన్ని పైకెత్తి చూసింది. అడక్కముందే, వెనక నిలబడ్డ సూపర్‌వైజర్ అందుకున్నాడు.

"ఎలుకలండీ. ఎంత మందు పెట్టినా పోవట్లేదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆమె పేలికను కవర్లో వేసుకుంది. గేటు దగ్గర సోదా ఉంటుంది కాబట్టి కత్తెర లోపలే ఉండాలని, గోడౌన్లో తుక్కు మూటలన్నీ విప్పమని అసిస్టెంట్‌కు చెప్పింది. 10:50కి ఆరో మూటలో కత్తెర దొరికింది.

11:30. బోర్డు గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. డాక్టర్ పట్టిక ముందేసుకుని కూర్చున్నాడు. ఎదుట మాస్టర్, భార్య, అసిస్టెంట్. ఫ్యాక్టరీ తరఫున సూపర్‌వైజర్ వచ్చాడు.

ఆఫీసర్ కత్తెరనూ, ఒక కొత్త గుడ్డనూ డాక్టర్ ముందు పెట్టింది.

"కత్తిరించండి."

డాక్టర్ కుడిచేత్తో ప్రయత్నించాడు. గుడ్డ బ్లేడ్ల మధ్య మడతపడి నలిగింది. చెయ్యి మార్చాడు. ఈసారి తెగింది. ఆమె నలిగిన అంచు పక్కన నీలం పేలిక పరిచింది. రెండూ ఒకేలా ఉన్నాయి.

"పొద్దున ఎనిమిదిలోపు ఎవరో ఈ కత్తెరను కుడిచేత్తో పరీక్షించారు. నిజంగా పుర్రచేతిదేనా అని చూడటానికి. అసిస్టెంట్‌కు ఆ అవసరం లేదు. ఎనిమిదేళ్ల కిందటే తెలుసు. తాళం ఉండీ, సంగతి ఖాయంగా తెలియనివాడు ఒక్కడే."

సూపర్‌వైజర్ తల దించుకున్నాడు. సేఫ్టీ గార్డ్ తీయించింది తనేనని, పని త్వరగా అవుతుందని తీయించానని గొణిగాడు. ఇరవై దాటిన కేసులో మెషిన్ ఇన్‌స్పెక్షన్ తప్పదు. అతని భయమంతా అదే.

డాక్టర్ ఫైలు తిప్పాడు.

"మరి కుడిచేతి వాటమని రిపోర్టు రాసిందెవరు?"

"నేనే," అంది ఆఫీసర్. "కుడిచేత్తో సంతకం పెట్టాడు. టిక్ పెట్టేశాను."

మాస్టర్ అప్పుడు నోరు విప్పాడు.

"బడిలో అయ్యవారు చెయ్యి వాచేలా కొట్టి కుడిచేత్తో రాయించారు మేడమ్. మీరు నా రాత చూశారు. పని చూళ్లేదు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. దొంగ చేసింది ఒక్క పూట మోసం. తన టిక్కు మూడు నెలలుగా ఈ ఇంటిని ఆఫీసుల చుట్టూ తిప్పింది.

డాక్టర్ పదహారు కొట్టేసి ఇరవై ఒకటి అని రాశాడు. స్టాంపు వేశాడు. మాస్టర్ భార్య కొంగుతో కళ్లొత్తుకుంది.

మాస్టర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత కత్తెర అందుకుని ఎడమచేతి వేళ్లకు తొడగబోయాడు. బొటనవేలు లొంగలేదు. కత్తెర జారి టేబుల్ మీద పడింది.

"పోయింది ఇరవై ఒక్క శాతమే అన్నారు," అన్నాడు. "మిగతా డెబ్బై తొమ్మిదీ ఎక్కడుంది మేడమ్?"