అరవై దగ్గరే ఆగిన అంకె

పది రోజులు వాడిన ఇన్‌హేలర్‌లో ఒక్క మోతాదు కూడా తగ్గలేదు.

ట్రైనీ నర్సు దాన్ని కిటికీ వెలుగులో పెట్టి మళ్లీ చూసింది. మిగిలిన మోతాదులు చూపే చిన్న గడిలో అరవై. ఇచ్చిన రోజూ అరవయ్యే.

"పొద్దునా సాయంత్రం పీలుస్తూనే ఉన్నానమ్మా," అంది పెద్దావిడ ఆయాసపడుతూ. "మనవడే దగ్గరుండి చూస్తున్నాడు."

ఆ మనవడు గడియారాలు బాగుచేస్తాడు. ప్రస్తుతం గోడ మీది ఊపిరితిత్తుల బొమ్మను మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

డాక్టర్ అప్పుడే పరీక్షించి, మందు సరిగ్గా అందితే చాలన్నాడు. అది ఎలా పీల్చాలో పది రోజుల కిందట నేర్పింది ఈ నర్సే. ఈ పాఠంలో తప్పితే ఆమె ట్రైనింగ్ ఇంకో ఆరు నెలలు పెరుగుతుంది.

పక్కనే ఉండి మార్కులేస్తున్న ట్యూటర్ మేడమ్, నర్సు రాసుకున్న లెసన్ ప్లాన్ అందుకుంది. ఆమె వేలు చివరి వరుస దగ్గర ఆగింది.

"'అర్థమైందా అని అడగాలి.' అడిగావా?"

"అడిగాను మేడమ్. అర్థమైందన్నారు."

"ఎవరు?"

"మనవడు."

"మందు వాడేది ఆవిడైతే, అతన్నెందుకు అడిగావ్?"

నర్సు చెవులు వేడెక్కాయి. ఆ ప్రశ్న తను ఎవరి కళ్లలోకి చూస్తూ అడిగిందో ఆమెకు బాగా గుర్తుంది.

"తలూపడానికి మెడ ఉంటే చాలు," అంది మేడమ్. "ఆవిడ చేతికివ్వు. నువ్వు నోరు మెదపకు."

నర్సు ప్లాన్ తీసుకుని ఆ వరుస కొట్టేసి, 'చేసి చూపించమనాలి' అని రాసింది. పెద్దావిడ పక్కనే కూర్చుని ఇన్‌హేలర్ చేతికిచ్చింది.

ఆవిడ మూత తీసింది. నోట్లో పెట్టుకుని పీల్చింది. పక్కనున్న చిన్న మీట జోలికే పోలేదు.

"ఈ మీట టక్కుమనేదాకా జరపాలి అమ్మమ్మగారూ. లేకపోతే మందు రాదు."

"అయితే పది రోజులుగా గాలి మేస్తున్నానన్నమాట."

ఈసారి ఆవిడే మీట జరిపింది. టక్. ఊపిరి వదిలి, గట్టిగా పీల్చి, బిగబట్టింది. గడిలో యాభై తొమ్మిది. నోరు పుక్కిలించి వచ్చి, మొత్తం వరస తనే అప్పజెప్పింది. మేడమ్ ప్లాన్ మీద సంతకం పెట్టి వెళ్లిపోయింది.

నర్సు మనవడి వైపు తిరిగింది. "వెంట్రుకంత స్ప్రింగును కూడా వెతికి పట్టుకునే మనిషి మీరు. ఇంత మీట ఎలా కనిపించలేదు?"

"చెప్పరా," అంది అమ్మమ్మ. "నాకూ వినాలనుంది. ఊపిరి నాది మరి."

అతను బొమ్మ మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఆ రోజు మీ నమూనా ఇన్‌హేలర్ మీట టక్కుమనగానే మీరు చిన్నగా నవ్వారండీ. నేను ఆ నవ్వు దగ్గరే ఆగిపోయాను. తర్వాత మీరేం చెప్పారో దేవుడికే తెలియాలి. అర్థం కాలేదంటే తెలివితక్కువవాణ్ననుకుంటారని తలూపేశాను. తప్పు అమ్మమ్మది కాదు, మీ పాఠానిదీ కాదు. నాది. మళ్లీ మొదటినుంచి నేర్పుతానంటే రోజూ వస్తాను. ఈసారి అర్థమైందని అనను, చేసి చూపిస్తాను."