ఇప్పెలుగు మాయం

"సార్, పాల్వంచ బస్టాండ్ వెనక మాస్టర్ పోయిండంట. జల్దీ రమ్మంటున్నరు."

కానిస్టేబుల్ జమ్లి ఫోన్ పెట్టేసింది. ఎస్సై భద్రు జీపెక్కాడు. శవాన్ని తరలించాలి కదా అని వైకుంఠ రథాన్ని కూడా వెంట రమ్మన్నాడు. దాని నెత్తిన భజనలు వినిపించే మైకు.

తీరా చూస్తే అది మోయిజ్ సెల్‌ఫోన్ రిపేరు షాపు. మాస్టర్ లేడు. శవం లేదు. చేతిలో బుల్లి గేమ్ మిషన్ పట్టుకుని నిప్పులు కక్కుతున్న అమ్మాయి ఉంది. పేరు దీపిక. కరెంటు ప్లాంటులో ఆపరేటర్.

"పోయింది మాస్టర్ కాదు సార్. మాన్‌స్టర్."

భద్రు జమ్లి వైపు చూశాడు. జమ్లి వైకుంఠ రథం వైపు చూసింది.

"ఏమమ్మా, ఇది గేమమ్మా?" భద్రు పళ్లు నూరాడు.

"మీకు గేమే. నాకు ఏండ్ల తరబడి నైట్ షిఫ్టుల తోడు."

భద్రుకు కోపం పుట్టుకతో వచ్చింది. చమత్కారం సర్వీసులో వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఎదుటివాడు చస్తాడు. కానీ ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు చూసి స్టూలు లాక్కున్నాడు.

ఆటలో అడవి ఉంటుంది. అందులో వింత జీవాలను పట్టాలి, పెంచాలి. అవి ఎదిగి కొత్త రూపం దాలుస్తాయి. దీపిక పెంచిన ఎలుగుకు ఆమె పెట్టుకున్న పేరు ఇప్పెలుగు. అలాంటి రకాన్ని కంపెనీ ఒక్కసారే ఇచ్చింది, మళ్లీ ఇవ్వలేదు. బటన్ పనిచేయడం లేదని మొన్న మిషన్‌ను మోయిజ్‌కిచ్చింది. ఇవాళ తీసుకుంది. ఆన్ చేస్తే ఇప్పెలుగు లేదు. దాని చోట రెక్కలు చాచిన పెద్ద గుడ్లగూబ, పేరు గుబాసుర.

"ఎట్ల తీస్తరు?"

"రెండు మిషన్లు దగ్గర పెట్టి మార్పిడి చేయాలె సార్. ఒకటి తీస్కుంటే ఒకటి ఇయ్యాలె." దీపిక తెర మీద వేలు పెట్టింది. "చూడుండ్రి, ఇది లెవల్ ఐదే. లెవల్ పెరిగి గుబాసుర కాలే. దీని ముందు రూపం గూబపిల్ల, దాన్ని ఎంత పెంచినా గట్లనే ఉంటది. ఇంకొకరి మిషన్‌లకు పోంగనే, అక్కడ ఎదుగుతది."

"ముందు పట్టినోని పేరు కనిపిస్తదా?"

"'బాస్' అని పెట్టుకున్నడు."

"పాల్వంచల బాస్ కానోడెవడమ్మా?" భద్రు మిషన్ జేబులో వేసుకున్నాడు. "ఈ గూబ ముచ్చట ఎవరికన్న చెప్పినవా?"

"లేదు. ఎలుగు పోయిందని మాత్రం మొత్తుకున్న."

"చెప్పకు." మోయిజ్ వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్?"

"స్క్రూ విప్పిన, బటన్ మార్చిన, బిగించిన. లోపట ఎలుగున్నదో ఎలుకున్నదో నాకెట్ల తెలుస్తది సార్?"

అప్పుడే కాంప్లెక్స్ యజమాని వెంకటనారాయణ మెట్లు దిగాడు. వెనక కొడుకు మురళీకృష్ణ.

"నేనప్పుడే అనుకున్నానండీ, దొంగ వీడేనని!" ఆయన గొంతు బస్టాండ్ దాకా వెళ్లింది. "సాయంత్రానికల్లా షాపు ఖాళీ చేయాలి. మా కాంప్లెక్స్‌లో దొంగలకు చోటు లేదు."

మోయిజ్ షాపంతా ఒకసారి కలియజూశాడు. తండ్రి నాటి నుంచి ఉన్న షాపు. దాన్నిండా జనం నమ్మి ఇచ్చిన వస్తువులు.

"కాంప్లెక్స్ మీది. కాంప్లికేషన్ నాది. జర ఆగుండ్రి," అన్నాడు భద్రు. "మోయిజ్, షాపు విడిచి ఎటన్న పోయినవా?"

"నిన్న శుక్రవారం జుమా నమాజుకు. మురళన్నను కూసోమన్న. ప్రతి జుమాకు ఆయనే చూస్తడు."

ఆ మాటలో అనుమానం ఇసుమంత లేదు. భద్రుకు ఒళ్లు మండింది అందుకే.

"కూర్చున్నవా, మురళీ?"

"కూర్చున్నానండీ. ఫోన్ చూసుకుంటూ."

"ఈ ఆట వచ్చా?"

"పిల్లల ఆటలు నాకెందుకు? పాపం, ఆ అమ్మాయిని చూస్తే జాలేస్తోంది. అంత మంచి ఎలుగును కొట్టేసి, బదులు ముష్టి గూబపిల్లను పడేస్తారా ఎవరైనా?"

భద్రుకు కోపం వస్తే అరుస్తాడు. మరీ ఎక్కువైతే గొంతు తగ్గిపోతుంది. ఇప్పుడు తగ్గింది.

"గూబపిల్లనా?"

"అవునండీ."

భద్రు మిషన్ తీసి తెర అందరికీ చూపించాడు. గుబాసుర రెక్కలు చాచింది.

"ఇది నీకు పిల్లలెక్క కనిపిస్తున్నదా? దీపిక మిషన్‌ల పిల్ల ఒక్క క్షణం గూడ లేదు. వచ్చుడుతోనే పెద్దదైంది. అది పిల్లగ ఉన్నది ఇచ్చినోని మిషన్‌లనే. ఇచ్చినోడు తప్ప దాన్ని చూసినోడు లేడు." ఒక అడుగు ముందుకేశాడు. "ఇస్తేనే ఎదుగుతదని నీకు తెల్వదు. ఎట్ల తెలుస్తది? పుట్టినప్పటి సంది తీస్కునుడే గాని, ఒకరికి ఇచ్చి ఎరుగుదువా? జేబుల ఏమున్నదో తియ్."

మురళి తండ్రి వైపు చూశాడు. తండ్రి నేల వైపు చూశాడు. ప్యాంటు జేబులోంచి ఇంకో మిషన్ బయటికొచ్చింది. ఆన్ చేయగానే 'బాస్' అన్న పేరు కింద ఇప్పెలుగు తల ఊపింది. దీపిక గబుక్కున లాక్కుంది.

"నాన్న ఎలాగూ వీణ్ని ఖాళీ చేయిద్దామనే అనుకుంటున్నారు," మురళి గొణిగాడు. "వీడి మీదికి పోతే ఎవరికి నష్టం?"

మోయిజ్ చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. మెల్లగా పెట్టాడు.

"నీకు నా గల్లా అప్పజెప్పి నమాజుకు పోయిన, మురళన్నా."

బయట వైకుంఠ రథం డ్రైవర్ తల లోపలికి పెట్టాడు. "సార్, శవమేది? జనం దండలు గూడ తెచ్చిండ్రు."

భద్రు బయటికెళ్లి మైకు అందుకున్నాడు. "వినుండ్రి. పోయింది మాస్టర్ కాదు, మాన్‌స్టర్. ఆట బొమ్మ. మా స్టేషన్‌ల తప్పు విన్నరు. ఊళ్లె మాస్టర్లందరు సల్లగున్నరు. దండలు వాపస్ ఇచ్చుకోండ్రి. బొమ్మ దొరికింది. దొంగ గూడ దొరికిండు."

జనం నవ్వారు. మోయిజ్ నవ్వలేదు.

"సార్, నన్ను దొంగన్నది మీరు కాదు. అన్నాయననే చెప్పమనుండ్రి. అప్పుడెంత గట్టిగ అన్నడో గంత గట్టిగ."

భద్రు మైకును వెంకటనారాయణ చేతిలో పెట్టాడు. ఆయన గొంతు సవరించుకున్నాడు. మైకు కీచుమంది.

"మోయిజ్... దొంగ కాదు. తీసింది... మావాడు."

"ఇంకొంచెం గట్టిగ, నారాయణ గారూ," అన్నాడు మోయిజ్. "బస్టాండ్ దాకా పోలే."