బరువు తగ్గించిన ఫొటో

కిష్టవ్వ శవాన్ని తాళ్లతో పైకి లాగారు.

గొల్లపల్లి శివారు. సొంత వ్యవసాయ బావి. ఎస్సై ఇంద్రజ గట్టు మీద నిలబడి చూసింది. శవం మీద దెబ్బల్లేవు.

"దూకంగ చూసినవా?"

"చూసిన మేడం," అంది కోడలు లీల. "ఉరికిన. అందలేదు."

"ఎందుకు దూకింది?"

లీల ఫోన్ చూపించింది. 'ఎడారి కబురు' అనే బ్లాగు. గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల క్షేమ సమాచారాలు అందులో వస్తాయి. ఆ ఉదయం వచ్చిన వార్త: గొల్లపల్లికి చెందిన సాయిలు పనిచోట మంటల్లో కాలి చనిపోయాడు. కింద కాలిన షెడ్డు ఫొటో.

సాయిలు లీల భర్త. కిష్టవ్వకు ఒక్కడే కొడుకు. కొంతకాలంగా అతని నుంచి ఫోన్ లేదు. అత్తకు చదువు రాదు. వార్తను లీలే చదివి వినిపించింది.

పేజీ చెరిగిపోకుండా ఇంద్రజ ఆ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి సీజ్ చేసింది.

వార్త అబద్ధమని మధ్యాహ్నానికే తేలింది. సాయిలు ఫోన్ సిగ్నల్ లేని చోట పనిలో ఉన్నాడని, క్షేమమని కంపెనీ క్యాంపు నుంచి చెప్పారు. అప్పటికి కిష్టవ్వకు పోస్టుమార్టం జరుగుతోంది.

బ్లాగు నడిపే మనీషా ఉండేది కోరుట్లలో. ఇంద్రజ వెళ్లేసరికి సాయిలు బంధువులు ఆమె గది తలుపు విరగ్గొట్టి, కంప్యూటర్‌ను రోడ్డు మీదికి విసిరేసి పోయారు. మనీషా చెంప వాచి ఉంది. ఆ వార్త తాను రాయలేదని, ఎవరో హ్యాక్ చేశారని చెప్పింది. చూసిన వెంటనే సిరిసిల్లలో ఉండే మహేందర్‌కు ఫోన్ చేసిందట. సైటు మెయింటెనెన్స్ అతనిదే. అతను వార్త తీసేశాడు. ఎవరు లాగిన్ అయ్యారో చెప్పే రికార్డు మాత్రం దొరకలేదు.

"ఎవరి మీదన్న అనుమానమా?"

"శ్రీశైలం," అంది మనీషా.

జగిత్యాలలో గల్ఫ్ వీసాల ఏజెంటు. అతని దొంగ వీసాల గురించి ఆమె రాసింది. సైటు మూసెయ్యమని అతను బెదిరించాడు.

మర్నాడు ఇంద్రజ మనీషా, మహేందర్, శ్రీశైలం ముగ్గురినీ జగిత్యాల స్టేషన్‌కు పిలిపించింది.

"బెదిరించిన. కాదంటలేను," అన్నాడు శ్రీశైలం. "గానీ గీ పని నాది కాదు."

మహేందర్ ల్యాప్‌టాప్ తెరిచి ఓపిగ్గా వివరించాడు. సైటుకు తగిలించిన చిన్న ప్రోగ్రాములు, ప్లగిన్లు, పాతబడ్డాయి. హ్యాకర్ అక్కణ్నించే దూరాడు. మనీషా తనను తీసేసి హైదరాబాద్ వాళ్లకు పని అప్పగిస్తానందని, అప్పటినుంచే అప్‌డేట్లు ఆగాయని చెప్పాడు.

"సెక్యూరిటీ అంటే ఆట కాదు మేడం," అన్నాడు.

ఇంద్రజ లీల ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.

"గీ షెడ్డు ఫొటో నెట్‌ల దొరికింది. అసలు ఫైలు మస్తు బరువున్నది. సైటుల పెట్టింది దాంట్ల ఇరవయ్యో వంతు గూడ లేదు. సైజు కోసి, బరువు తగ్గించి పెట్టిన్రు. మనీషా, నువ్వు ఫొటోలు ఎట్ల పెడ్తవ్?"

"ఎట్లున్నయి అట్లనే పెడ్త. పేజీ తొందరగ తెరుచుకోదని మహేందరే తర్వాత తగ్గిస్తడు."

ఇంద్రజ మహేందర్ వైపు తిరిగింది.

"నాశనం చేద్దామని దూరినోనికి పేజీ ఎంత తొందరగ తెరుచుకుంటే ఏంది? నీ చేతికి అలవాటైంది. ల్యాప్‌టాప్ ఇటియ్యి. తుడిచినయి గూడ బయటికొస్తయి."

మహేందర్ ల్యాప్‌టాప్ మూశాడు.

"నేను లేకుంటే సైటు ఏమైతదో తెల్వాలె అనుకున్న," అన్నాడు.

"సాయిలు పేరే ఎందుకు?"

భర్త జాడ చెప్పమని లీల అంతకుముందు బ్లాగు కింద కామెంట్ పెట్టింది. అతని పేరైతే జనం నమ్ముతారనుకున్నాడు. మనీషా భయపడి తనకే ఫోన్ చేస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"ఫోన్ రాంగనే తీసేసిన గద మేడం. గంటసేపే ఉండె."

శ్రీశైలం కూడా తల తిప్పుకున్నాడు.

అప్పుడే మనీషా ఫోన్ మోగింది. విదేశీ నంబరు. ఇంద్రజ స్పీకర్ ఆన్ చేయించింది.

"అక్కా, నేను సాయిలును. నేను సచ్చిపోయిన్నని మీ సైటుల పెట్టిన్రంట, క్యాంపోళ్లు చెప్పిన్రు. ఇప్పుడే సిగ్నల్ కాడికి అచ్చిన. లీల ఫోన్ కలుస్తలేదు. నేను మంచిగనే ఉన్నని మా అవ్వకు జర చెప్పుండ్రి. ఏడుస్తుంటది."



ఇంద్రజ ఫోన్ తీసి మహేందర్ ముందు పెట్టింది.

"నువ్వే చెప్పు."

మహేందర్ వెనక్కి జరిగాడు. వెనక కానిస్టేబుల్ ఉన్నాడు.

"హలో? అక్కా, ఉన్నవా?"

"సాయిలన్నా..." అన్నాడు మహేందర్.

"ఆఁ, చెప్పన్నా. మా అవ్వ ఆడనే ఉన్నదా? జర ఫోనియ్యి."