రోజూ అడిగే మాట

ఆ ఇంట్లో పొద్దున్నే రేడియో పెట్టాల్సిన అవసరం ఉండేది కాదు. ప్రకటనలకు గొంతిచ్చే ఇల్లాలు ఆ రోజు చదవాల్సింది ఫలహారాల దగ్గరే చదివి వినిపించేది. ఈత నేర్పే భర్త మెడలోని స్టాప్‌వాచీ తీసి సమయం చూసేవాడు. కళ్ళద్దాల దుకాణంలో పనిచేసే కొడుకు నోట్లో ముద్ద ఉండగానే మార్కులు వేసేవాడు. పరుపుల ప్రకటనకు ఎక్కువ, ఫ్యానుకు తక్కువ. నువ్వు ఫ్యాను గురించి చెబుతుంటే చెమట పట్టిందమ్మా అనేవాడు. ఆవిడ గరిటె చూపించేది.

ఆ పూట మాత్రం ఆవిడ కాగితం పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. గోడలకు చెవులుంటాయంటారు గానీ బాత్రూం గోడలకు నోరు కూడా ఉంటుంది. అన్నేళ్ళు గొంతు మీద బతికిన మనిషికి ఆ సంగతి తట్టకపోవడం విచిత్రమే. లోపల చదివిన ప్రతి ముక్కా హాల్లోకి వినిపించింది.

“మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళకు ఒక మాట. హెచ్.ఐ.వి. రాకుండా ముందే వేసుకునే మాత్ర ఉంది. పరీక్ష చేయించుకోండి. డాక్టరును అడగండి.”

మాటలు బాగానే ఉన్నాయి. పలికిన తీరే చావు కబురు చెబుతున్నట్టుంది. ముందురోజు స్టూడియోలోనూ ఇదే గొడవ. ఇది రోగులకు కాదు, బాగున్నవాళ్ళు బాగుండడానికి, మీరేమో భయపెడుతున్నారు అంటూ దర్శకురాలు పదేపదే చదివించింది. రేపు కూడా కుదరకపోతే ఇంకో గొంతు వెతుక్కుంటామని మర్యాదగానే చెప్పి పంపింది.

గడియ తీసి బయటికొస్తూనే ఈ పని వదిలేస్తానంది భర్తతో. బస్సులో టికెట్టు అడిగితే ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూసే గొంతు తనది, రేపు నలుగురూ ఏమనుకుంటారని వాపోయింది. నీళ్ళలోకి తప్ప దేంట్లోకీ దూకని ఆ పెద్దమనిషి, నీ ఇష్టం అన్నాడు.

“అలాంటివాళ్ళకి చెప్పడానికి నా గొంతే దొరికిందా?”

“అలాంటివాళ్ళంటే ఎవరమ్మా?”

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్న కొడుకు అడిగాడు. ఆవిడ కాగితం వెనక్కి దాచుకుంది. అతను ఒక కాలికి బూటుతోనే వచ్చి, ఫ్రిజ్ మీది సీసా తీసి తల్లి ముందు పెట్టాడు. ఏడాదిగా విటమిన్లని చెప్పుకొస్తున్న సీసా అది. లేబుల్ ఎప్పుడో చింపేశాడు.

“నువ్వు చదివిన మాత్ర ఇదే. నేనూ అలాంటివాణ్ణే.”

ఆవిడ నోట ముందుగా వచ్చిన మాట, నీకు జబ్బు చేసిందా అని. చెయ్యలేదు, చెయ్యకూడదనే ఇది, మూడు నెలలకోసారి పరీక్ష కూడా చేయించుకుంటున్నానని అతను మామూలుగానే చెప్పాడు. తండ్రి స్టాప్‌వాచీ నొక్కుతూ ఆపుతూ కూర్చున్నాడు. మా దగ్గర అబద్ధమెందుకు ఆడావురా అని మెల్లగా అడిగాడు.

“విటమిన్లన్నాను కాబట్టే అమ్మ రోజూ అడిగింది, మాత్ర వేసుకున్నావా అని. నిజం చెబితే అడిగేదా నాన్నా? ఏడాదిలో ఒక్కరోజు కూడా అడగడం మర్చిపోలేదు. ఇక రేపట్నుంచి అడుగుతుందో లేదో.”

తినకుండానే వెళ్ళిపోయాడు.

ఆవిడకు ముందు కోపమొచ్చింది, ఇన్నాళ్ళూ తనను వెర్రిదాన్ని చేశాడని. తర్వాత తన నోటి నుంచి వచ్చిన ‘అలాంటివాళ్ళు’ అన్న మాటే చెవిలో హోరుపెట్టింది. కన్నకొడుకు ఇంట్లోనే ఇంత భయంతో తిరిగాడని అప్పుడు ఏడుపొచ్చింది. మొహం కడుక్కుని, కుదరదన్న మాట ఎదురుగా చెప్పి వద్దామని స్టూడియోకి బయల్దేరింది.

అద్దాల గదిలో కూర్చున్నాక చెప్పలేకపోయింది. కాగితం పక్కన పెట్టి, మైకు ముందుకు వంగి, “ఏరా, మాత్ర వేసుకున్నావా?” అంది. అవతల దర్శకురాలు తలెత్తింది. ఆ మాటతోనే మొదలుపెట్టి మిగతాదంతా ఆ గొంతుతోనే చదివేసింది. రెండోసారి చదవాల్సిన పని పడలేదు. నిన్న రానిది ఇవాళెలా వచ్చిందని అడిగితే, ఇంట్లో అలవాటే అంది.

సాయంత్రం కొడుకు వచ్చి ముభావంగా తిని గదిలోకి వెళ్ళాడు. ఆవిడా పలకరించలేకపోయింది. మైకుతో అన్నంత తేలిక కాదు, మనిషితో అనడం.

మర్నాడు పొద్దున బల్ల దగ్గర చదవడమూ లేదు, మార్కులూ లేవు. కొడుకు గ్లాసులో నీళ్ళు పోసుకుని, సీసా ముందు పెట్టుకుని, మూత తియ్యకుండా కూర్చున్నాడు. ఆవిడ పొయ్యి వైపు తిరిగి, ఎప్పుడో కాగిన పాలనే కలుపుతోంది.

“ఏరా,” అంది వెనక్కి తిరగకుండానే. “మాత్ర...”

మాట సగంలో తెగింది. ఎన్నో ఏళ్ళుగా మైకు ముందు ఒక్కసారి కూడా తడబడని గొంతు. స్టవ్ ఆపి, ఇటు తిరిగి, మళ్ళీ మొదటినుంచి అంది.

“మాత్ర వేసుకున్నావా నాన్నా?”

“ఇంకా లేదమ్మా. నువ్వు అడుగుతావని కూర్చున్నా.”

అతను మూత తీశాడు. ఎన్ని మార్కులురా అని తండ్రి పక్కనుంచి అడిగాడు. కొడుకు జవాబు చెప్పలేదు. నోటినిండా నీళ్ళున్నాయి, కళ్ళ నిండా కూడా.